పటం మీద గీతలు: కంప్యూటరులో గీయడం, కొలవడం

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్



మన హాస్టల్లో చదువుకున్న వాళ్లలో చాలామంది ఇళ్లలో ఒక బోరు కథ ఉంటుంది. అప్పు తెచ్చి బోరు వేయించడం, నీళ్లు పడకపోవడం, ఇంకో చోట ఇంకొకటి వేయించడం. ఎక్కడ వేయాలో చెప్పడానికి ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతాడు. ఇంకొకాయన వేప పుల్ల పట్టుకుని నడుస్తాడు. చదువుకున్నాయన వస్తే ఉపగ్రహ చిత్రం తెచ్చి, దాని మీద గీతలు చూపించి, "ఈ గీత మీద వేస్తే నీళ్లు పడతాయి" అంటాడు. మూడో ఆయన మాటకు ఆధారం ఉంది. కానీ ఎంత ఉంది? మీ ఊరిలో ఆ గీతలు నిజంగా పనిచేస్తున్నాయా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే గీతలను కంప్యూటరులోకి ఎక్కించడం, సరిగ్గా గీయడం, కొలవడం తెలియాలి. ఈ వ్యాసంలో ఆ పని నేర్చుకుందాం. డిగ్రీలో స్టాటిస్టిక్స్ గానీ, జియాలజీ గానీ, జాగ్రఫీ గానీ తీసుకున్న వాళ్లకు వెంటనే పనికొస్తుంది. ఇంటర్ వాళ్లకు కూడా అర్థం కానిదేమీ ఇందులో లేదు.

ముందు ఆ గీతలంటే ఏమిటో చెప్పుకుందాం. తెలంగాణలో ఎక్కువ భాగం, అనంతపురం, చిత్తూరు వైపు చాలా భాగం గ్రానైటు, నైస్ రాళ్ల మీద ఉన్నాయి. ఈ రాయి ఇసుకలాగా నీటిని పీల్చుకోదు. పైన శిథిలమై మెత్తబడిన పొరలోనూ, దాని కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. పెద్ద పగుళ్లు ఉన్నచోట నేల మీద వాగు తిన్నగా పారడం, చెట్లు వరసగా పెరగడం జరుగుతుంది. ఉపగ్రహ చిత్రంలో అవి తిన్నని చారల్లా కనబడతాయి. వీటినే లీనియమెంట్లు అంటారు. రాజీవ్ గాంధీ జాతీయ తాగునీటి మిషన్ కింద హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఇలాంటి సమాచారంతో 1:50,000 స్కేలులో భూగర్భజల పటాలు తయారుచేసింది. ఆ సంస్థే నడిపే భువన్ వెబ్‌సైటులో లీనియమెంట్ల పొరను ఎవరైనా చూడవచ్చు.

అయితే తిన్నగా కనబడే ప్రతిదీ పగులు కాదు. పాత బండిబాట, కాలువ గట్టు, పొలాల హద్దు కూడా పైనుంచి చూస్తే తిన్నగానే ఉంటాయి. డోలరైట్ డైకు అయితే నీటిని ఇవ్వడానికి బదులు భూమి లోపల గోడలా అడ్డం నిలబడవచ్చు. కాబట్టి గీత అనేది ఒక అనుమానం మాత్రమే. ఆ అనుమానాన్ని పరీక్షించాలి.

ఇక పాఠంలోకి వద్దాం. నేను ఇక్కడ చెప్పేది ఆర్ అనే సాఫ్టువేరు గురించి. దీన్ని న్యూజిలాండులోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అనే ఇద్దరు అధ్యాపకులు మొదలుపెట్టారు. దాని 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. పైసా ఖర్చు లేదు. దొంగ సీడీలతో పని లేదు. ఆదేశాల పేర్లు ఈ సంచికలో తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కంప్యూటరులో కొట్టేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

ఒక చుక్కకు రెండు అంకెలు చాలు: ఎక్స్, వై. ఒక గీతఖండానికి నాలుగు కావాలి: మొదలు ఎక్స్, మొదలు వై, చివర ఎక్స్, చివర వై. అంటే ఎక్సెల్ షీటులో నాలుగు నిలువు వరసలు, ఒక్కో గీతకు ఒక్కో అడ్డు వరస. ఐదో వరసలో ఆ గీత ఏ రకమో రాసుకోవచ్చు: పగులు, డైకు, అనుమానం. ఈ ఐదో వరసను బద్ధకించి వదిలేయకండి. తరువాత ఎంత బతిమాలినా కంప్యూటరు చెప్పలేని సంగతి అదొక్కటే.

కొత్తగా నేర్చుకునే వాళ్లు ఈ అంకెలను తీసుకెళ్లి లైన్స్ అనే ఆదేశానికి ఇస్తారు. వెంటనే తెర మీద సాలెగూడు వస్తుంది. కారణం ఏమిటంటే, లైన్స్ ఆదేశం ఇచ్చిన బిందువులన్నిటినీ ఒకదాని తరువాత ఒకటి కలుపుకుంటూ పోతుంది. మొదటి గీత చివర నుంచి రెండో గీత మొదలుకు కూడా, మధ్యలో ఏమీ లేకపోయినా, ఒక గీత లాగేస్తుంది. దీనికి విరుగుడు రెండు రకాలు. ప్రతి గీత అయిపోయాక ఎన్ఏ అని ఒక ఖాళీ వరస పెట్టాలి, ఈ రెండు అక్షరాలు మాత్రం పెద్దవి. అప్పుడు కలం అక్కడ ఎత్తి మళ్లీ పెడుతుంది. లేదా లైన్స్ మాని సెగ్మెంట్స్ అనే ఆదేశం వాడాలి. దానికి ఆ నాలుగు వరసలూ అదే క్రమంలో ఇస్తే ప్రతి గీతనూ విడిగా గీస్తుంది. నా ఓటు రెండోదానికే.

సెగ్మెంట్స్ కొట్టే ముందు కాగితం పరవాలి. ప్లాట్ ఆదేశాన్ని టైపు ఎన్ అనే ఐచ్ఛికంతో ఇస్తే అక్షాలు మాత్రం వేసి లోపల ఖాళీగా ఉంచుతుంది. అదే ఆదేశంలో ఆస్ప్ ఈక్వల్స్ 1 అని చేర్చాలి. అడ్డంగా ఒక కిలోమీటరు, నిలువుగా ఒక కిలోమీటరు తెర మీద ఒకే పొడవు ఉండాలని దాని అర్థం. ఇది చేర్చకపోతే తెర ఎంత వెడల్పుంటే పటం అంత సాగుతుంది. 45 డిగ్రీల వాలున్న గీత 30 డిగ్రీల్లా కనిపిస్తుంది. చుక్కల పటంలో ఈ లోపం అంతగా తెలియదు కానీ గీతల పటంలో దిక్కే ముఖ్యం కాబట్టి మొత్తం అర్థమే మారిపోతుంది.

జీపీఎస్ ఇచ్చే అక్షాంశ రేఖాంశాలను అలాగే వాడవచ్చా అని అడుగుతారు. చూడటానికి అయితే సర్దుకోవచ్చు, కొలవడానికి కుదరదు. మన 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉత్తర దక్షిణంగా ఒక డిగ్రీ అంటే సుమారు 110.7 కిలోమీటర్లు, తూర్పు పడమరగా ఒక డిగ్రీ అంటే సుమారు 106.5. రెండూ సమానం కావు. అందుకే యూటీఎం పద్ధతిలోకి మార్చుకుని మీటర్లలో పనిచేయాలి. ఇక్కడ మనకో చిక్కుంది. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర 43వ మండలం అయిపోయి 44వది మొదలవుతుంది. హైదరాబాదు 44లో ఉంటే అనంతపురం పట్టణం 43లో ఉంది. ఒకే జిల్లా పటంలో సగం గీతలు ఒక మండలంలో, సగం ఇంకో మండలంలో ఉంటే రెండింటినీ ఒకే మండలంలోకి మార్చాకే గీయాలి.

పటాలు మామూలుగా షేప్ ఫైళ్లుగా దొరుకుతాయి. వాటిని చదవడానికి ఇప్పుడు ఎస్ఎఫ్ అనే ప్యాకేజీ వాడుతున్నారు. పాత పుస్తకాల్లో ఉండే ఆర్‌జీడాల్, మ్యాప్‌టూల్స్ ప్యాకేజీలను 2023లో ఉపసంహరించారు, కాబట్టి ఆ పుస్తకంలో ఉన్నట్టు కొట్టి పనిచేయలేదని నిరాశపడకండి. ఇంకో మాట. షేప్ ఫైలులో ఒక లీనియమెంటు వంకరగా ఉంటే అది ఐదారు చిన్న గీతఖండాలుగా విడిపోతుంది. అందువల్ల "మా మండలంలో 200 గీతలున్నాయి" అనే మాటకు పెద్దగా విలువ లేదు. మొత్తం పొడవు ఎంత అని అడగాలి.

ఇప్పుడు గ్రాఫు కాగితం తీయండి. కంప్యూటరు లోపల జరిగేది ఒకసారి చేత్తో చేస్తే జీవితాంతం గుర్తుంటుంది. (1, 1) నుంచి (4, 5) వరకు ఒక గీత గీయండి. అడ్డం 3, నిలువు 4, కాబట్టి పొడవు 5. వాలు సుమారు 53 డిగ్రీలు. అదే గీతను (4, 5) నుంచి మొదలుపెట్టి (1, 1) వరకు గీస్తే లెక్కలో 233 డిగ్రీలు వస్తుంది. నేల మీద పగులుకు మొదలు, చివర ఏమీ ఉండవు. అందుకే దిక్కును 0 నుంచి 180 లోపలే లెక్కపెట్టాలి. దీనితో ఒక వింత వస్తుంది. ఒక గీత 10 డిగ్రీలు, ఇంకొకటి 170 డిగ్రీలు ఉన్నాయనుకోండి. రెండూ ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉన్నవే. కానీ మామూలు సగటు తీస్తే 90, అంటే ఉత్తర దక్షిణం! కోణాలను రెండింతలు చేసి, సైన్, కొసైన్ల సగటు తీసి, వచ్చిన కోణాన్ని సగం చేస్తే సరైన జవాబు, అంటే 0, వస్తుంది. చేసి చూడండి.

తరువాత దూరం. ఒక బోరు (4, 1) దగ్గర ఉంది. గీత మీదికి లంబం గీస్తే పాదం గీతఖండం మీదే పడుతుంది. దూరం 2.4. ఇంకో బోరు (6, 5) దగ్గర ఉంది. ఇక్కడ లంబం గీస్తే 1.6 వస్తుంది కానీ ఆ లంబపాదం గీత అయిపోయాక, గాలిలో పడుతుంది. పగులు (4, 5) దగ్గరే ఆగిపోయింది. కాబట్టి అసలు దూరం ఆ చివరి బిందువు దాకా కొలవాలి, అది 2. పదో తరగతిలో నేర్చుకున్న సరళరేఖ సూత్రానికీ, గీతఖండానికీ ఉన్న తేడా ఇదే.

ఇలాంటి లెక్కలన్నీ చేసిపెట్టే ప్యాకేజీ స్పాట్‌స్టాట్. ఏడ్రియన్ బ్యాడ్లీ, రోల్ఫ్ టర్నర్ దీని మూలకర్తలు. 2021లో దీన్ని చిన్న చిన్న ప్యాకేజీలుగా విడగొట్టారు గానీ, స్పాట్‌స్టాట్ అని పిలిస్తే ముఖ్యమైనవన్నీ కలిసే వస్తాయి. ఇందులో చుక్కల సమూహాన్ని పీపీపీ అంటారు, గీతఖండాల సమూహాన్ని పీఎస్‌పీ అంటారు. పీఎస్‌పీ ఆదేశానికి మన నాలుగు వరసలతో పాటు ఐదోదిగా ఒక కిటికీ ఇవ్వాలి. కిటికీని ఓవిన్ అనే ఆదేశంతో తయారుచేస్తారు. మనం పరిశీలించిన ప్రాంతం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అనేది ఈ కిటికీ చెబుతుంది. గీత చివరలు కిటికీ దాటి ఉంటే కంప్యూటరు ఒప్పుకోదు. ఆ గీతను అంచు దగ్గర కత్తిరించి ఇవ్వాలి. ఇదంతా చాదస్తం అనిపించవచ్చు. కానీ కిటికీ లేకపోతే "ఇక్కడ గీత లేదు" అనే మాటకూ, "ఇక్కడ మేము చూడలేదు" అనే మాటకూ తేడా తెలియదు.

పీఎస్‌పీ తయారయ్యాక ప్లాట్ అంటే చాలు, స్కేలు తనే సరిచూసుకుని గీస్తుంది. గీతలు బూడిద రంగులో సన్నగా ఉంచి, వాటి మీద బోర్లను గీయండి. ఎర్రటి లావు గీతలు గీస్తే పటం సినిమా పోస్టరులా బాగుంటుంది గానీ, తెర మీద ఆ లావు నేల మీద రెండు మూడు వందల మీటర్లు అయి కూర్చుంటుంది. దూరంగా ఉన్న బోరు కూడా గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. మనుషులను మోసం చేయడానికి అబద్ధపు అంకెలు అక్కర్లేదు, లావు గీత చాలు.

స్పాట్‌స్టాట్‌తో పాటు అభ్యాసానికి కొన్ని అసలైన సమాచార సమూహాలు కూడా వస్తాయి. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాగి. 70 కిలోమీటర్ల వెడల్పు, 158 కిలోమీటర్ల పొడవు ఉన్న ప్రాంతంలో 67 రాగి నిక్షేపాలు, 146 లీనియమెంట్ గీతఖండాలు. ఉపగ్రహ చిత్రంలో గీతలు సులభంగా దొరుకుతాయి కాబట్టి వాటిని బట్టి రాగి ఎక్కడుందో చెప్పగలమా అనేది ప్రశ్న. మన బోరు ప్రశ్నకు ఇది తోబుట్టువు లాంటిది. 1986లో మార్క్ బెర్మన్ ఈ సమాచారంతోనే ఒక పరీక్షా పద్ధతిని ప్రచురించాడు. పటం గీసి చూస్తే చాలా చుక్కలు గీతల పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. లెక్కవేస్తే గీతకు దగ్గరగా ఉన్నంత మాత్రాన రాగి ఎక్కువ ఉంటుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు.

రెండోది పశ్చిమ ఆస్ట్రేలియాలోని మర్చిసన్ బంగారం. 330 కిలోమీటర్లకు 400 కిలోమీటర్ల దీర్ఘచతురస్రంలో ఇమిడే ప్రాంతం, 255 బంగారు నిక్షేపాలు, భూభ్రంశ రేఖలు. అంకెలు మీటర్లలో ఉంటాయి, ముందు కిలోమీటర్లలోకి మార్చుకోండి. ఇక్కడ కథ వేరు. సాధారణ నమూనా ఒకటి అమరిస్తే, గీత పక్కన 100 చదరపు కిలోమీటర్లకు సుమారు 1.3 నిక్షేపాలు వస్తాయి. గీతకు ఒక్కో కిలోమీటరు దూరం జరిగినప్పుడల్లా ఆ సంఖ్య 0.77 వంతుకు పడిపోతుంది. 10 కిలోమీటర్లు పోతే గీత పక్కన ఉన్నదానిలో 7 శాతమే మిగులుతుంది. అయితే ఇక్కడ కూడా తొందరపడకూడదు. బంగారం గ్రీన్‌స్టోన్ అనే రాతితో ముడిపడి ఉంది, గీతలు కూడా చాలావరకు ఆ రాతి చుట్టూనే ఉన్నాయి. గీత వల్ల ఎంత, రాయి వల్ల ఎంత అని విడదీయడానికి రెండింటినీ నమూనాలో పెట్టాలి. మన దగ్గర గ్రీన్‌స్టోన్ స్థానంలో వాగు, చెరువు వచ్చి కూర్చుంటాయి. లీనియమెంటు తరచూ పల్లంలో, వాగు వెంట ఉంటుంది. అక్కడ బోరులో నీళ్లుంటే ఆ ఘనత పగులుదా, పైనున్న చెరువుదా?

రెండు పటాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, గీతలూ చుక్కలూ. ఒకదానిలో సంబంధం ఉంది, ఇంకొకదానిలో కనబడలేదు. కంటితో తేల్చలేకపోవడానికి కారణం చిన్న లెక్కతో చెబుతాను. ఇవి ఊహించిన అంకెలు.

12 కిలోమీటర్ల చదరపు మండలం ఒకటి అనుకోండి. అందులో ఉత్తర దక్షిణంగా ఆరు గీతలు, పడమటి అంచు నుంచి 1, 3, 5, 7, 9, 11 కిలోమీటర్ల దగ్గర. ఏ గీతకైనా రెండు వైపులా అర కిలోమీటరు లోపల ఉంటే "గీత పక్కన" అందాం. ఒక్కో గీతకు కిలోమీటరు వెడల్పు పట్టీ, ఆరు గీతలకు ఆరు కిలోమీటర్లు. అంటే మండలంలో సరిగ్గా సగం నేల గీత పక్కనే ఉంది! ఇప్పుడు ఒకాయన వచ్చి "నీళ్లు పడ్డ 40 బోర్లలో 22 గీతల పక్కనే ఉన్నాయి" అంటాడు. వినడానికి ఘనంగా ఉంది. కళ్లు మూసుకుని 40 రాళ్లు విసిరినా సగటున 20 ఆ పట్టీల్లో పడతాయి. 22 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడే అవకాశం నూటికి 32. ఆయన 22 బదులు 30 చూపించి ఉంటే అప్పుడు కూర్చుని మాట్లాడాలి, ఎందుకంటే రాళ్లు విసిరితే 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడటం వెయ్యిసార్లలో సుమారు ఒకసారే జరుగుతుంది.

అసలు లోపం ఇంకా లోపల ఉంది. నీళ్లు పడని బోర్ల మాట ఎవరూ ఎత్తలేదు. వాటికి మోటారు ఉండదు, కరెంటు కనెక్షను ఉండదు. పైపు ఊడదీసి, మట్టి పూడ్చేస్తారు. పటం గీసే వాళ్లకు అవి కనబడవు. మన ఊహా మండలంలో అలాంటివి 60 ఉన్నాయని, అందులో 31 గీతల పక్కన ఉన్నాయని అనుకుందాం. అప్పుడు గీతల పక్కన వేసినవి మొత్తం 53, వాటిలో నీళ్లు పడినవి 22, అంటే నూటికి సుమారు 41. గీతలకు దూరంగా వేసినవి 47, నీళ్లు పడినవి 18, అంటే నూటికి 38. మూడు శాతం తేడా కోసం రైతు తన పొలంలో ఇంకో మూల వదిలేసి ఫీజు కట్టి గీత వెతుక్కోవాలా? లేక నిజంగానే ఒక మండలంలో 70కి 30 వస్తే ఆ గీతలను ఊరందరికీ చూపించాలా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మొదటి పటంలో లేదు. ఫెయిలయిన బోర్లు కూడా గీసిన పటంలోనే ఉంది.

స్పాట్‌స్టాట్‌లో ఈ పనికి ఎన్ఎన్‌క్రాస్ అనే ఆదేశం ఉంది. చుక్కలనూ గీతలనూ ఇస్తే ప్రతి చుక్కకూ దగ్గరి గీత ఏది, ఎంత దూరం అనేది చెబుతుంది. డిస్ట్‌ఫన్ అయితే చుక్కలు లేని చోట్ల కూడా, అంటే కిటికీలో ఏ మూలనైనా, గీతకు ఎంత దూరమో చెబుతుంది. రెండోది ఎందుకంటే, మనం రాళ్లు విసిరిన లెక్క చేయాలంటే నేల మొత్తం ఎంత దూరంలో ఉందో తెలియాలి కదా. రోహ్యాట్ అనే ఆదేశం దూరాన్ని బట్టి చుక్కల సాంద్రత ఎలా మారుతుందో ఒక వంపురేఖగా గీసి చూపిస్తుంది. ఆ రేఖ పక్కన నీడలా ఒక పట్టీ ఉంటుంది. పట్టీ వెడల్పుగా ఉంటే మీ దగ్గర సమాచారం చాలలేదని అర్థం. కిటికీ అంచు దగ్గరి బోర్ల విషయంలో జాగ్రత్త. వాటికి అతి దగ్గరి గీత పక్క మండలంలో, మన పటానికి అవతల ఉండవచ్చు. అందుకని గీతలను మండలం హద్దు దాటి రెండు మూడు కిలోమీటర్లు అదనంగా సేకరించి, కిటికీని అంతవరకు పెంచి, బోర్లను మాత్రం హద్దు లోపలివే తీసుకుని కొలిస్తే ఆ పొరపాటు తగ్గుతుంది.

వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు చేయదలచిన వాళ్లకు ఒక పట్టిక నమూనా ఇస్తున్నాను. ఒక్కో బోరుకు ఒక వరస: అక్షాంశం, రేఖాంశం, వేసిన సంవత్సరం, ఎన్ని అడుగులు, నీళ్లు పడ్డాయా లేదా, ఎన్నేళ్లకు ఎండిపోయింది, చోటు ఎవరు చూపించారు (కొబ్బరికాయా, పుల్లా, పటమా, సొంత నిర్ణయమా), దగ్గరలో చెరువు గానీ వాగు గానీ ఉందా. అక్షాంశ రేఖాంశాలు సెల్ ఫోనులోనే దొరుకుతాయి. పేర్లు, అప్పు వివరాలు రాసుకోవద్దు, అవి మన లెక్కకు అక్కర్లేదు. పూడ్చేసిన బోర్లు ఎక్కడున్నాయో మీ నాన్ననో, తాతనో, బోరు బండి మీద పనిచేసిన వాళ్లనో అడగండి. వాళ్లకు ప్రతిదీ అడుగులతో సహా గుర్తుంటుంది.